తెల్లారినా నల్లబడే ఆకు

సెప్టెంబరు సగం దాటిందంటే
మా కాలువ ఊళ్ళో రాత్రి ఉండదు.
గ్రోనింగెన్ నల్లమట్టి పూసుకున్న దుంపలు
లారీ దిగి, నీళ్ళ తొట్టెలో దొర్లి లోపలికెళతాయి;
అవతలి గుమ్మంలో
బూటు కింద కిర్రుమనే పిండై దిగుతాయి.

ఆ పిండి ఉడికించి చూడటం నా ఉద్యోగం.
గిన్నెడు నీళ్ళు, చెంచాడు పిండి, తిరిగే తెడ్డు.
అరవై డిగ్రీల దాకా పాలంత పలచన.
ఆ తర్వాత తెడ్డు బరువెక్కుతుంది,
కాగితం మీద గీత
ఉలిక్కిపడ్డట్టు నిటారుగా లేస్తుంది.
మొక్కజొన్న గీత అంత ఎత్తు లేవదు. గోధుమదీ అంతే.

ఎందుకని చేరిన మొదటి వారమే అడిగాను.
కెమిస్టు ఎల్ట్యో కళ్ళద్దాలు తుడుచుకుని
నా జడ వైపు చూపించాడు:

"ఆకు ఎండని పట్టి తీపి చేస్తుంది.
తీపి కాండం దిగి, తెల్లటి తీగల వెంట
చీకటి మట్టిలోకి పోతుంది.
అక్కడ చక్కెర పక్కన చక్కెర చేరి
వేలకు వేలు బారు కడతాయి.
బారుకి కొమ్మలొస్తాయి, కొమ్మలు జంటలుగా మెలిపడి
నీ జడకన్నా బిగువుగా పేనుకుంటాయి.
నీటిబొట్టుకి దారుండదు.

ఇక చూడు మొక్క చేసే చిలిపిపని.
ఏ రెండు మూడు వందలకో ఒక చక్కెరకి
ఫాస్ఫేట్ తునక తగిలిస్తుంది,
జడలో ముళ్ళకాయ దోపినట్టు.
ముల్లున్న చోట మెలిక బిగియదు.
బిగియని చోట నీళ్ళు దూరతాయి.
నువ్వు చూసి బెదిరిన గీత అదే, అమ్మాయ్."

ఫ్యాక్టరీ కూడా వెనక తొట్టెల్లో ఇదే పని చేస్తుంది,
ఇంకాస్త ఘాటుగా.
మొక్కని చూసి నేర్చుకున్నామని
ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు.

తొమ్మిదో ఏడు, పరీక్ష మడిలో
ఆ ముల్లు గుచ్చే ఎంజైముని నిద్రపుచ్చిన మొక్కలు వేశారు.
సూర్యుడు రాకముందే ఆకులు కోసుకురావడం నా వంతు.
వేడి సారాలో పచ్చదనం కడిగేసి
అయోడిన్ చుక్కలు వేశాను.
మామూలు ఆకు పాలిపోయే ఉంది:
పగటి సంపాదన రాత్రికి ఖర్చయిపోయింది,
చిల్లర కూడా మిగల్లేదు.
రెండో ఆకు మాత్రం సిరాబుడ్డి పగిలినట్టు నల్లబడింది.
నిన్నటి పిండి, మొన్నటి పిండి,
అంతకు ముందుది, అంతా లోపలే.
మూట విప్పాలన్నా ఆ ముల్లే కావాలట.
నిండు కొట్టు పక్కన పస్తు పడుకుంది ఆకు.

పళ్ళెం కడగకుండా అలాగే కూర్చున్నాను.
నాన్న గుర్తొచ్చాడు.

నాన్న లూర్ట్, గోడలకు కాగితం అంటించే పనివాడు.
అమ్మ పోయిన రోజు
వెనక గదిలో ఒక గోడ సగంలో ఆగింది.
నీలం పువ్వుల కాగితం చుట్ట మూలన నిలబడిపోయింది,
నిచ్చెన కూడా.
పదకొండేళ్ళు ఆ ఇంట్లో
వాతావరణం, సైకిలు, బంగాళాదుంపల ధర తప్ప
మరో మాట పుట్టలేదు.

ఆ శనివారం రెండు కిలోల పిండి పట్టుకెళ్ళాను.
పాడైన సరుకని అబద్ధం చెప్పాను.
ఆయన సంచిలో చెయ్యి పెట్టి
వేళ్ళ మధ్య నలిపి కిర్రుమనిపించాడు.
పొయ్యి వెలిగించాడు.
నేను థర్మామీటరు తేలేదు.
గరిటె ఎప్పుడు బరువెక్కిందో
ఆయన మణికట్టులో కనిపించింది.

"మరీ చిక్కబడింది," అన్నాడు.
గరిటె ఎత్తి, జారే గంజి చూస్తూ
"ఫ్రౌక్యె అయితే నీళ్ళు పోసేది.
ఎప్పుడూ పోసేది. నేను ఎప్పుడూ తిట్టేవాణ్ణి."

చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాను.
పోశాడు. ఎక్కువే పోశాడు.

ఆ పూట ఒక్క పట్టీ అంటించాడు, కాస్త వంకరగా.
గోడలో మిగతా సగం అలాగే ఉంది.
సోమవారం మళ్ళీ లారీలు.

ఆ ఆకుని నోటుపుస్తకంలో పెట్టాను.
అయోడిన్ ఆవిరై నలుపు పోయింది.
పక్క పేజీ మీద మాత్రం
గోధుమరంగు మరక ఒకటి,
ఆకు ఆకారంలో.